ఎండ ఉంటే చాలు, పొగ ఇంధనమవుతుందా?

కార్బన్ డయాక్సైడ్‌ను కాంతి ఉత్ప్రేరకాలతో ఇంధనంగా మార్చవచ్చన్న వార్త చదివితే తిరుపతి, చిత్తూరు వాళ్లకు ఆశ పుడుతుంది. ఎండకు మనకేం కొదవ? ఆ ఆశ సబబే. దానితోపాటు పాకిన అపోహలే ఇబ్బంది.

అపోహ: ఎండ ఎంత మండితే అంత ఇంధనం.

వాస్తవం: తిరుమలలో 2002లో ఏర్పాటు చేసిన సౌర వంట వ్యవస్థకు వేడి కావాలి. అందులో అద్దాలు ఎండను ఒకచోట పోగేసి ఆవిరి పుట్టిస్తాయి. కాంతి ఉత్ప్రేరకానికి ముందు కావలసింది తగినంత శక్తి ఉన్న కాంతి కణాలు. పరిశోధకులు ఎక్కువగా వాడే టైటానియం డయాక్సైడ్ అనే తెల్లటి పొడి అతినీలలోహిత కిరణాలనే పీల్చుకుంటుంది. నేలకు చేరే ఎండలో వాటి వాటా దాదాపు 5 శాతమే. మే నెల ఎండలోనూ మిగతాదంతా దానికి అక్కరకు రాదు.

అపోహ: శక్తినిచ్చేది ఉత్ప్రేరకమే.

వాస్తవం: కార్బన్ డయాక్సైడ్ పొయ్యిలో మిగిలిన బూడిద లాంటిది. మండినప్పుడు పోయిన శక్తినంతా తిరిగి పెడితే తప్ప అది ఇంధనం కాదు. ఆ శక్తి కాంతిది, ఇంధనంలో చేరే హైడ్రోజన్ నీటిది. ఉత్ప్రేరకం చర్యను సులువు చేస్తుంది, అంతే.

అపోహ: ల్యాబులో మీథేన్ వచ్చిందంటే ఇక గ్యాస్ బండలు నింపడమే తరువాయి.

వాస్తవం: ఇనౌయే, ఫుజిషిమా, హోండాల జపాన్ బృందం 1979లోనే నీటిలో కలిపిన ఉత్ప్రేరకపు పొడులపై కాంతి ప్రసరింపజేసి కార్బన్ డయాక్సైడ్ నుంచి ఫార్మిక్ ఆమ్లం, మిథనాల్ వంటివి రాబట్టింది. ఇన్నేళ్లయినా దిగుబడిని ఎక్కువగా మైక్రోమోల్‌లలోనే చెప్పుకుంటున్నారు. గ్రాము పొడి గంటకు 10 మైక్రోమోల్‌ల మీథేన్ ఇస్తుందనుకుందాం. అంటే 160 మైక్రోగ్రాములు. కిలో పొడి వేసి రాత్రింబవళ్లు కాంతి పెట్టినా ఒక బండలో పట్టే గ్యాస్ అంత, అంటే 14.2 కిలోల మీథేన్ రావడానికి పదేళ్లు దాటుతుంది!

ఇంకో చిక్కుంది. పొడికి అంటుకున్న సేంద్రియ మలినాలు విడిపోయినా మీథేన్ కనిపిస్తుంది. అందుకే కార్బన్-13 అనే ప్రత్యేక రకం కార్బన్‌తో తయారైన కార్బన్ డయాక్సైడ్‌ను పంపి, వచ్చిన మీథేన్‌లో ఆ కార్బనే ఉందో లేదో చూస్తారు. ఆ పరీక్ష లేని ఫలితాన్ని నేను నమ్మను.

అపోహ: ఈ ఇంధనాన్ని కాలిస్తే మళ్లీ కార్బన్ డయాక్సైడే వస్తుంది కాబట్టి ఇదంతా వృథా.

వాస్తవం: వస్తుంది, నిజమే. కానీ ఆ మేరకు కొత్తగా బొగ్గు, చమురు తవ్వే పని తప్పుతుంది. ఎండకు బదులు ల్యాబు దీపం పెట్టి, దానికి బొగ్గు కరెంటు వాడితే మాత్రం నష్టమే.

పక్కనే కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయంలో సూర్యకాంతితో నీటి నుంచి హైడ్రోజన్ తీసే ఉత్ప్రేరకాలపై పరిశోధన సాగుతోంది. సైన్సు చదివే మన పిల్లలు అటు చూడాలి. ఇలాంటి వార్త కనబడినప్పుడల్లా గంటకు ఎంత వచ్చింది, ఎండలోనా దీపం కిందనా, కార్బన్-13 పరీక్ష చేశారా అని తప్పక అడగండి.