కారులో రాస్‌బెర్రీ పై పెడుతున్నారా? ముందు పవర్ సంగతి చూడండి
డాష్‌క్యామ్, పాటల కోసం కారులో రాస్‌బెర్రీ పై 4 పెట్టుకున్నా. నెల తిరక్కుండానే మెమరీ కార్డు కరప్ట్ అయింది. అమ్మానాన్నలతో వెళ్లిన అరకు ట్రిప్ వీడియోలన్నీ పోయాయి. తప్పు బోర్డుది కాదు, నేనిచ్చిన పవర్‌ది.

12 వోల్టుల బ్యాటరీ అంటాం గానీ, ఇంజిన్ నడుస్తుంటే 14 దాకా ఉంటుంది. స్టార్ట్ చేసేటప్పుడు 9 కంటే కిందికీ పడిపోవచ్చు. పై 4కి మాత్రం నిలకడగా 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు కావాలి. అందుకే బ్యాటరీ దగ్గరే ఫ్యూజు, తర్వాత వోల్టేజ్ స్పైక్‌లను ఆపే టీవీఎస్ డయోడ్, ఆపైన 5 ఆంపియర్ల బక్ కన్వర్టర్ పెట్టా. మల్టీమీటర్‌తో 5.1కి సెట్ చేశాకే బోర్డు కలపండి.

అసలు చిక్కు కీ తీసినప్పుడు. కరెంట్ టక్కున పోతే కార్డులో రాస్తున్న ఫైల్ సగంలో ఆగిపోతుంది. నా కార్డు పోయింది అలాగే. ఇప్పుడు కీ ఆఫ్ చేయగానే ఆప్టోకప్లర్ ద్వారా బోర్డుకి సిగ్నల్ వెళ్తుంది, షట్‌డౌన్ మొదలవుతుంది. 60 సెకన్లకు టైమర్ రిలే పవర్ కట్ చేస్తుంది. రిలే లేకపోతే పార్కింగ్‌లోనూ బ్యాటరీ కొద్దికొద్దిగా ఖాళీ అవుతూనే ఉంటుంది.

ఆ తర్వాత కార్డు మళ్లీ పాడవలేదు. అరకు వీడియోలు మాత్రం తిరిగి రాలేదు.