గుర్రం నోరు చూశాకే కళ్లెం

గుర్రం పెదవిని మెల్లగా పక్కకు జరిపితే ముందు పళ్లు కనిపిస్తాయి. వాటి వెనక దాదాపు నాలుగు వేళ్ల మేర మేత నమిలే పన్ను ఒక్కటీ ఉండదు. మగ గుర్రాలకు మాత్రం ఆ మధ్యలో చిన్న కోరపళ్లు మొలుస్తాయి. ఖాళీ దాటాక దవడ పళ్ల వరస మొదలవుతుంది. కళ్లెం ఇనుము కూర్చునేది ఆ ఖాళీలోనే. అక్కడ వేలితో తడిమితే పలచటి చిగురు, దాని కిందే దవడ ఎముక అంచు తగులుతాయి. మధ్యలో కండ లేదు, కొవ్వు లేదు. నోట్లో మిగిలిన చోటంతా నాలుకే. పగ్గం లాగిన ప్రతిసారీ ఆ ఒత్తిడి పడేది ఆ నాలుక మీద, ఎముక అంచు మీద, పెదవుల మూలల మీద.

గుర్రం మాట వినకపోతే ఇంకాస్త కరుకైన కళ్లెం తగిలించడం చాలా చోట్ల ఉన్న అలవాటు. ఇంతకన్నా పొరపాటు మరొకటి లేదు. వేటాడే జంతువుల నుంచి పరుగుతోనే ప్రాణం కాపాడుకున్న జాతి అది. నొప్పి పుడితే దానికి తోచేది పారిపోవడమే. తల ఎగరేస్తుంది, నోరు తెరుస్తుంది, నాలుకను ఇనుము పైకి తీసుకుంటుంది, లేదంటే ఇనుమును పళ్ల మధ్య బిగించి మరింత జోరుగా లగెత్తుతుంది. అప్పుడు రౌతు ఇంకా గట్టి కళ్లెం కోసం వెతుకుతాడు. ఆ వెతుకులాటకు అంతు ఉండదు.

అందుకే కళ్లెం కొనేముందు పశువైద్యుడు నోరు చూడాలి. పిల్లగుర్రానికి ముందు పాలపళ్లు సుమారు రెండున్నర, మూడున్నర, నాలుగున్నర ఏళ్లకు జతలు జతలుగా ఊడి కొత్తవి వస్తాయి. దవడ పళ్లలో ముందున్న మూడూ ఇంచుమించు ఆ కాలంలోనే మారతాయి. మగవాటికి కోరపళ్లు వచ్చేది నాలుగైదేళ్లకు. అంటే మనిషి స్వారీ నేర్పాలనుకునే వయసూ, చిగుళ్లు సలిపే వయసూ ఒకటే. దీనికి తోడు కొన్ని గుర్రాలకు దవడ పళ్లకు సరిగ్గా ముందు, ఎక్కువగా పైదవడలో, గోరంత పన్ను ఒకటి ఉంటుంది. వైద్యులు దాన్ని వుల్ఫ్ టూత్ అంటారు. నమలడానికి పనికిరాదు గానీ ఇనుము దగ్గరగా తగిలితే బాధపెడుతుంది. చాలామంది వైద్యులు శిక్షణ మొదలుకాకముందే దాన్ని తీసేస్తారు.

రేసు గుర్రాలకైతే వ్యవధి మరీ తక్కువ. మలక్‌పేటతో సహా దేశంలోని రేసు మైదానాల కోసం పెంచే థారోబ్రెడ్‌లు రెండు మూడేళ్లకే పందేలకు దిగుతాయి కాబట్టి వాటికి చాలా ముందే కళ్లెం అలవాటు చేస్తారు. మొండిది, పొగరుబోతుది అని పేరు పడ్డ కుర్ర గుర్రాల్లో కొన్ని నిజానికి పళ్లు మారే బాధతో తల విదిలించేవే అయివుంటాయి.

ఇక కళ్లేలలో రకాలు వందలు. పనిచేసే తీరును బట్టి చూస్తే వాటిలో ముఖ్యమైనవి రెండు. స్నాఫిల్‌లో నోట్లో ఉండే ఇనుముకు రెండు పక్కలా రింగులుంటాయి, పగ్గాలు నేరుగా వాటికే కడతారు. ఎడమ పగ్గం కదిలిస్తే కబురు ప్రధానంగా ఎడమ వైపే తెలుస్తుంది, లాగినంతే తగులుతుంది. కర్బ్‌లో ఇనుముకు రెండు పక్కలా కిందికి కాడలు వేలాడతాయి, గడ్డం కింద గొలుసు ఉంటుంది. పగ్గాలు కాడల చివర కడతారు. ఇనుముకు పైన ఉన్న కాడ 5 సెంటీమీటర్లు, కిందిది 10 సెంటీమీటర్లు అయితే చేతి బలం రెండింతలకు పైగా పెరిగి నోటి మీదా, గడ్డం కిందా, చెవుల వెనక నడినెత్తి మీదా పడుతుంది. కొత్త గుర్రానికి స్నాఫిల్ తప్ప మరొకటి అక్కర్లేదు. కొత్త రౌతుకూ అంతే. తూలినప్పుడల్లా పగ్గాలు పట్టుకు వేలాడే చేతికి కర్బ్ ఇవ్వడం గుర్రానికి అన్యాయం.

స్నాఫిల్‌లోనూ నడుమ ఒకే కీలు ఉన్నది, రెండు కీళ్ల మధ్య చిన్న బిళ్ల ఉన్నది, కీలే లేని కడ్డీ అని తేడాలున్నాయి. లావుగా ఉన్న ఇనుము మెత్తన అని చాలాకాలం అనుకున్నారు. ఒత్తిడి ఎక్కువ చోట పరుచుకుంటుందన్నది ఆ లెక్క. కానీ నాలుక నిండిన నోట్లో లావు ఇనుముకు చోటెక్కడ? నోరు చిన్నది, నాలుక మందం అయిన గుర్రానికి మరీ లావుది పెడితే నోరు మూసుకోవడమే కష్టమవుతుంది. మధ్యస్థంగా ఉన్నదాన్ని పెట్టి, గుర్రం ఏమంటుందో చూడటం మేలు.

వెడల్పు కొలవడానికి ఒక దారం చాలు. దారానికి ముడి వేసి ఒక పెదవి మూలకు ఆనించి, ఇనుము కూర్చునే చోటు మీదుగా రెండో మూలకు తెచ్చి గుర్తు పెట్టుకోవాలి. రింగులు కదిలే రకమైతే చర్మం నలగకుండా రెండు పక్కలా కలిపి ఒక సెంటీమీటరు అదనంగా ఉండాలి. ఎక్కువ గుర్రాలకు 5 నుంచి 5.5 అంగుళాలు సరిపోతాయి. తలకట్టు పట్టీలను పెదవి మూలన చిన్న ముడత పడేంత ఎత్తులో బిగించాలి. మరీ కిందికి జారితే ఇనుము పళ్లకు తగులుతుంది, గుర్రం నాలుకను దాని మీదికి తీసుకోవడమూ నేర్చుకుంటుంది. ఆ అలవాటు ఒకసారి పడితే మాన్పించడం కష్టం.

మొదటిసారి తగిలించే పద్ధతే గుర్రానికి చాలాకాలం గుర్తుండిపోతుంది. ఓపికున్న శిక్షకుడు ఇనుము చేతిలోకి తీసుకునే ముందు కొన్నాళ్లపాటు గుర్రం ముఖం, చెవులు, పెదవులు నిమురుతాడు. పెదవి మూలన, పళ్లు లేని చోట, బొటనవేలు పెడతాడు. గుర్రం నోరు కదిపితే వేలు తీసేస్తాడు. ఆ తర్వాతే కళ్లెం. చలికాలం ఉదయమైతే ఇనుమును ముందు అరచేతుల మధ్య వెచ్చబెడతాడు. కొందరు దానికి కాస్త తేనె గానీ బెల్లప్పాకం గానీ రాస్తారు. తలకట్టును కుడిచేత్తో నుదుటి మీదుగా పట్టుకుని, ఇనుమును ఎడమ అరచేతిలో పరిచి పెదవుల దగ్గర ఉంచి, బొటనవేలు మూలన పెడితే గుర్రం తనంతట తనే నోరు తెరుస్తుంది. పళ్లకు ఇనుము కొట్టుకోకుండా లోపలికి జార్చి, చెవులను ఒక్కొక్కటిగా పట్టీలోకి తీసుకోవాలి.

మొదట్లో పగ్గాలు ఉండవు. పది నిమిషాలు గుర్రం దాన్ని నాలుకతో తిప్పుకుంటుంది, చప్పరిస్తుంది, ఎబ్బెట్టుగా తల ఊపుతుంది. పక్కనే మనిషి నిలబడితే చాలు. తీసేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి: పట్టీ చెవులు దాటించి, గుర్రమే ఇనుమును వదిలేదాకా ఆగాలి. గబుక్కున లాగితే అది ముందు పళ్లకు తగులుతుంది. మర్నాడు కళ్లెం చూడగానే తల ఆకాశానికి ఎత్తే గుర్రాల్లో చాలావాటికి ఇలాంటి దెబ్బే తగిలి ఉంటుంది.

కొన్ని రోజులకు పగ్గాలు వస్తాయి. శిక్షకుడు కింద నడుస్తూ పొడవాటి పగ్గాలతో ఆగడం, మలుపు తిరగడం నేర్పుతాడు. వేళ్లు కొద్దిగా బిగించాలి, గుర్రం లొంగిన క్షణంలోనే సడలించాలి. గుర్రం నేర్చుకునేది ఆ సడలింపు నుంచే. ఆలస్యంగా వదిలితే తను చేసిన పని సరైనదో కాదో దానికి తెలియదు. గ్రీకు సేనాని జెనొఫోన్ క్రీస్తు పూర్వం నాలుగో శతాబ్దంలో రాసిన స్వారీ గ్రంథంలోనూ, గుర్రం మెడ నిలిపి హుందాగా సాగినప్పుడు పగ్గం సడలించి దానికి హాయి కలిగించమనే చెప్పాడు.

ఇనుము లేకుండానే మొదలుపెట్టిన వాళ్లూ ఉన్నారు. కాలిఫోర్నియాలో స్పానిష్ కాలం నుంచి పశువులు కాసిన వాకేరోలు కుర్ర గుర్రం నోటి జోలికే పోయేవారు కారు. పచ్చితోలు అల్లిన బోసాల్ అనే పట్టెడను ముక్కు మీద కట్టి, గుర్రపు వెంట్రుకలతో పేనిన తాడును పగ్గంగా వాడేవారు. పళ్లన్నీ స్థిరపడ్డాక, ఇంచుమించు ఐదేళ్లు దాటాక, సన్నటి బోసాల్‌తో పాటు కళ్లెం కూడా తగిలించి, కొంతకాలం గుర్రాన్ని దాన్ని ఊరికే మోయనిచ్చేవారు. పని బోసాల్‌దే. మెల్లమెల్లగా పగ్గం భారాన్ని కళ్లేనికి మార్చేవారు. చివరికి వాడే స్పేడ్ బిట్ అంగిలి వైపు నిలిచే చెంచాలాంటి ముక్క ఉన్నది, మొరటు చేతిలో ప్రమాదకరం. వాళ్లు మాత్రం దాన్ని వేలాడే పగ్గంతో, వేలి కదలికతో నడిపేవారు. ఏళ్లకేళ్లు పట్టే చదువు అది. మూడు నెలల్లో గుర్రాన్ని తయారుచేసి ఇస్తామనే వాళ్ల మాట నమ్మేముందు దీన్ని గుర్తుచేసుకోవాలి.

మన దేశంలో దీనికి పూర్తి విరుద్ధమైన దృశ్యం పెళ్లి ఊరేగింపుల్లో, టాంగాల దగ్గర కనిపిస్తుంది: నోట్లోకి మేకుల్లా పొడుచుకొచ్చే ముళ్ల కళ్లేలు. బరువులు మోసే, లాగే జంతువుల విషయంలో 1965లో వచ్చిన కేంద్ర నిబంధనలు వీటిని ఎప్పుడో నిషేధించాయి. అరవై ఏళ్లయినా జంతు సంక్షేమ సంస్థలు ఇంకా వాటిని పట్టుకుని లాక్కుంటూనే ఉన్నాయి. బ్యాండు మోతల మధ్య బెదిరే గుర్రాన్ని అదుపులో పెట్టాలంటే ఇదే దారి అంటారు వాడేవాళ్లు. మోతకు అలవాటు చేయని గుర్రాన్ని మోతలోకి తేవడమే అసలు తప్పు.

మామూలు కళ్లెమైనా నిశ్చింతగా ఉండటానికి లేదు. ఫిన్లాండ్‌లో పందెం ముగిసిన వెంటనే 261 ట్రాటర్ (వేగపు నడక పందేల) గుర్రాల నోళ్లు పరీక్షిస్తే 84 శాతానికి కళ్లెం తగిలే చోట గాయాలు కనిపించాయి; వాటిలో నోటి బయట రక్తం కనిపించినవి అతి కొద్ది. డెన్మార్క్ పోటీల్లో చూసిన 3,143 గుర్రాల్లో సుమారు 9 శాతానికి పెదవుల మూలల్లో పుళ్లు, రక్తం ఉన్నాయి. ముక్కుపట్టీ వదులుగా ఉన్నవాటిలో ఆ బాధ తక్కువ. ముక్కు ఎముక మీద రెండు వేళ్లు పట్టేంత వదులు ఉండాలన్నది పాత నియమమే. పట్టీ గట్టిగా బిగిస్తే గుర్రం నోరు తెరవలేదు, నొప్పి ఉన్నా బయటికి కనిపించదు.

కాబట్టి గుర్రం యజమాని రోజూ స్వారీ అయ్యాక కళ్లెం తీసి నాలుక రంగు, పెదవి మూలలు, చిగుళ్లు ఒకసారి చూసుకోవాలి. ఇనుమును కడిగి, అరుగుదల వల్ల కీళ్ల దగ్గర పదును తేలిందేమో వేలితో తడమాలి. మేత నమలలేక ముద్దలుగా ఉమ్మేస్తున్నా, ఒక వైపే తిరగనంటున్నా కొత్త కళ్లెం కొనకుండా వైద్యుణ్ణి పిలవాలి. కుర్ర గుర్రానికి ఐదేళ్లు నిండేదాకా ఆరు నెలలకోసారి, ఆ తర్వాత ఏటా పళ్లు చూపించాలి. పళ్లు మారాక దారంతో మళ్లీ కొలత తీసుకోవాలి.