ఈల ఎందుకు మోగదు?

2024 ఏప్రిల్ 5. అమెరికా మహిళల కాలేజీ బాస్కెట్‌బాల్ సెమీఫైనల్. అయోవా 70, కనెటికట్ 69. మిగిలింది నాలుగు సెకన్లే, బంతి కనెటికట్ చేతిలో ఉంది. సహచరికి దారి ఇవ్వడానికి ప్రత్యర్థికి అడ్డు నిలిచిన కనెటికట్ క్రీడాకారిణి ఆలియా ఎడ్వర్డ్స్ నిలకడగా నిలబడలేదంటూ రిఫరీ ఫౌల్ ఇచ్చారు. అయోవా 71-69తో గెలిచింది. ఆ ఒక్క ఈల మీద అభిమానులు రోజుల తరబడి తగువులాడుకున్నారు. బుట్ట కింద ప్రతి మ్యాచ్‌లోనూ సాగే మోచేతుల తోపులాట మీద మాత్రం ఇంత రభస ఉండదు. శరీరశాస్త్రాన్ని అడిగితే, రభస చేయవలసింది దాని గురించే.

భుజంతో గుద్దడం, పట్టుకోవడం, తోయడం, కాలు అడ్డం పెట్టడం కుదరదని 1891లో జేమ్స్ నైస్మిత్ రాసిన 13 నియమాల్లోనే ఉంది. మరుసటి ఏడే స్మిత్ కాలేజీలో సెండా బెరెన్సన్ ఆడపిల్లల కోసం ఆటను ఇంకా మెత్తబరిచింది. కోర్టును మూడు భాగాలు చేసి, చేతిలోని బంతిని లాక్కోవడం నిషేధించింది. కాలేజీ అమ్మాయిలు అయిదుగురేసి జట్లుగా కోర్టంతా పరుగెత్తి ఆడడం 1971లో గానీ స్థిరపడలేదు. ఆ తర్వాత వేగం పెరిగింది, కండబలం పెరిగింది, రాపిడీ పెరిగింది. కబడ్డీలో పట్టుకోవడమే ఆట. ఇక్కడ పట్టుకోకుండా ఆపడం ఆట. కాగితం మీద మాత్రం!

మోకాలి లోపల తొడ ఎముకనూ కాలి ఎముకనూ బిగించి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంటు ఒకటుంది. బాస్కెట్‌బాల్‌లో అది తెగే ప్రమాదం మగవాళ్లకన్నా ఆడవాళ్లకు రెండు మూడు రెట్లు ఎక్కువ. చాలాసార్లు మోకాలికి ఎవరూ తగలకుండానే తెగుతుంది కాబట్టి, మొరటు ఆటకూ దీనికీ సంబంధం లేదనిపిస్తుంది. నార్వే పరిశోధకుడు ట్రాన్ క్రోస్‌హౌగ్ బృందం 2007లో బాస్కెట్‌బాల్‌లో ఏసీఎల్ తెగిన 39 గాయాల వీడియోలను పరిశీలించింది. మోకాలికి నేరుగా దెబ్బ తగిలిన నలుగురూ మగవాళ్లే. అయితే 22 మంది మహిళల్లో 11 మందిని గాయానికి కాస్త ముందు ప్రత్యర్థి తోయడమో ఢీకొనడమో జరిగింది. పాదం నేలకు ఆనిన 17 నుంచి 50 మిల్లీసెకన్లలోపే లిగమెంటు తెగి ఉంటుందని వారి అంచనా. తూలుతున్నామని తెలుసుకుని కావాలని కాలు సర్దుకోవడానికి అంతకు కొన్ని రెట్ల సమయం కావాలి.

లెక్క వేసి చూద్దాం. 70 కిలోల అమ్మాయి 40 సెంటీమీటర్లు ఎగిరితే గాలిలో ఉండేది 0.57 సెకన్లు. సరిగ్గా పైకి చేరినప్పుడు ఎవరో 14 కిలోల బరువుకు సమానమైన బలంతో 0.15 సెకన్లు పక్కకు తోశారనుకోండి. పక్కకు వేగం సెకనుకు 30 సెంటీమీటర్లు వస్తుంది. నిలదొక్కుకోవడానికి కాళ్ల కింద నేల లేదు. దిగేసరికి సుమారు ఆరు సెంటీమీటర్లు జరిగిపోతుంది, ఒళ్లూ కాస్త వంకర తిరుగుతుంది. రెండు కాళ్ల మీద దిగవలసిన మనిషి ఒంటికాలి మీద, మోకాలు లోపలికి వాలి దిగే ప్రమాదం అక్కడే ఉంది. గ్యాలరీలో కూర్చున్నవాళ్లకు అసలేమీ జరిగినట్టే ఉండదు.

రిఫరీకీ ఉండదు. పదిమందిని చూడటానికి ముగ్గురే ఉంటారు. వాళ్ల దృష్టిని లాగేది చప్పుడూ పడిపోవడమూ, నిమ్మళంగా ఆనే మోచేయి కాదు. మనసు చేసే మోసం వేరే. పురుషుల కాలేజీ మ్యాచ్‌లను ఆండర్సన్, పియర్స్ అనే ఇద్దరు పరిశీలించి 2009లో ఒక సంగతి తేల్చారు: ఒక జట్టు మీద ఫౌల్స్ పెరిగేకొద్దీ తర్వాతి ఫౌల్ రెండో జట్టు మీద పడే అవకాశం పెరుగుతుంది. తూకం సమానంగా కనిపించాలన్న తాపత్రయం కావచ్చు. ఫలితం మాత్రం స్పష్టం. ఎక్కువ తోసే జట్టుకే లాభం. కోచ్‌లకు ఈ లెక్క తెలియదనుకోను.

రీప్లే అన్నీ తేలుస్తుందనుకోవడమూ పొరపాటే. కరూసో, బర్న్స్, కాన్వర్స్ అనే పరిశోధకులు 2016లో చూపించినదేమంటే, అదే ఘటనను స్లో మోషన్‌లో చూసినవారికి అది ఎక్కువ ఉద్దేశపూర్వకంగా కనిపిస్తుంది. తగిలిందా లేదా చెప్పడానికి నెమ్మది వీడియో పనికొస్తుంది, కావాలని తగిలించిందా అని చెప్పడానికి కాదు.

2024 మహిళల కాలేజీ ఫైనల్‌ను అమెరికాలో కోటీ 80 లక్షలకు పైగా జనం చూశారు, పురుషుల ఫైనల్ కన్నా ఎక్కువ. ఇంత ఆదరణ వచ్చాక "కాస్త తోసుకోనివ్వండి, అదే మజా" అనే మాట సహజంగానే వినిపిస్తుంది. నేల మీద భుజానికి భుజం ఆనితే నాకూ అభ్యంతరం లేదు. గాలిలో ఉన్న మనిషిని తాకితే మాత్రం, అది మొదటి నిమిషమైనా ఆఖరి సెకనైనా, ఫౌల్స్ లెక్క ఎటు మొగ్గి ఉన్నా, ఈల మోగాల్సిందే.