పొగగొట్టములోని దూత

నౌపడ నుండి పర్లాకిమిడికి 1900 సంవత్సరమున వేసిన చిన్న రైలుదారి మన ప్రాంతపు పెద్దలకు తెలిసినదే. ఆవిరియింజనులో బొగ్గు వేయువాడు మాటిమాటికి తలయెత్తి పొగను చూచుచుండెడివాడు. పొగ నల్లనైనచో గాలి చాలలేదనియు, బొగ్గు వ్యర్థమగుచున్నదనియు గ్రహించెడివాడు. పెట్రోలు కారునందు ఆ పని చేయునది బొటనవ్రేలంత సాధనము. మేస్త్రులు దానిని ఆక్సిజన్ సెన్సారందురు. నేడు దానిని గూర్చి ముచ్చటింతును.

ఒక పాలు పెట్రోలు సరిగా మండుటకు తూకమున సుమారు 14.7 పాళ్ల గాలి కావలెను. ఈ కొలత తప్పినదో లేదో తెలిసికొనుటకై పొగ వెడలు గొట్టమునకు సెన్సారును మరతో బిగింతురు. దానిలో జిర్కోనియా యను పింగాణివంటి పదార్థముండును. అది సుమారు 300 డిగ్రీలు వేడెక్కిన పిదప, లోపలి పొగయందును వెలుపలి గాలియందును గల ప్రాణవాయువుల భేదమును బట్టి స్వల్పమైన విద్యుత్తును పుట్టించును. పెట్రోలు ఎక్కువైనచో 0.9 వోల్టునకు చేరువగను, గాలి ఎక్కువైనచో 0.1 వోల్టునకు చేరువగను చూపును. ఆ వార్తను బట్టి ఇంజను నడపు కంప్యూటరు పెట్రోలును తగ్గించును, లేదా పెంచును. బాష్ సంస్థవారు చేసిన యీ సాధనమును 1976లో స్వీడను దేశపు వోల్వో కార్లకు తొలుత అమర్చిరి.

ఇక నా అనుభవము. నా పాతకారు లీటరునకు 16 కిలోమీటర్లు నడచునది, క్రమముగా 11కు దిగినది. గొట్టము చివర మసి పేరుకొనెను. ముందుపలకపై ఇంజను దీపము వెలిగెను. ఒక మేస్త్రి చూచి, “మాస్టారూ, సెన్సారు పోయినదండి” అని క్రొత్తది వేసెను. నా పింఛనులో మంచి భాగము ఖర్చయ్యెను. రోగము మాత్రము పోలేదు.

పిమ్మట నా పూర్వశిష్యుడొకడు వచ్చి, చల్లగా నున్న ఇంజనును నడిపించి, గొట్టపు అతుకులపై సబ్బునీరు చిలికెను. సెన్సారునకు ముందున్న యతుకు కడ బుడగలు లేచెను. మన ఉప్పుమడుల గాలి ఇనుమును తినివేయుట మనకు క్రొత్త గాదు గదా! ఆ రంధ్రము నుండి బయటిగాలి లోనికి చొరబడుచుండెను. సెన్సారు గాలిని చూచి “గాలి హెచ్చు” అని నిజమే చెప్పెను. కంప్యూటరు దానిని నమ్మి అక్కరలేని పెట్రోలు పోసెను. అతుకు బాగుచేసి, తీసివేసిన పాత సెన్సారునే మరల బిగింపగా బండి యథాపూర్వము నడచెను.

కావున ముందు పరీక్ష, పిదప తీర్పు. గొట్టమున చిల్లు లేదని తేల్చుకొని, ఇంజను బాగుగా వేడెక్కిన తరువాత సెన్సారు వార్తతీగకు మల్టీమీటరు పెట్టించి చూడవలెను. అంకె క్రిందికి మీదికి వడివడిగా ఊగుచున్నచో అది బ్రతికియున్నట్లే. పెట్రోలు హెచ్చించినను, గాలి హెచ్చించినను అంకె కదలక ఒకేచోట నిలిచినచో, తీగలు తెగలేదని చూచుకొని, దానిని మార్చవలసినదే.

మార్చునప్పుడు తొందర కూడదు. బ్యాటరీ తీగ విప్పి, గొట్టము చేయి కాలనంత చల్లారిన పిదప, తుప్పుపట్టిన మరకు నూనె వేసి నాననిచ్చి, తీగ దూరుటకు చీలికగల పానాతో విప్పవలెను. బలవంతము చేసినచో గొట్టపు మర చెడును. క్రొత్తది ఆ బండికి తగినదై, అన్నే తీగలు గలదై యుండవలెను. దాని కొనకు నూనె గాని, జిగురు గాని తగులరాదు. ముందు చేతితో త్రిప్పి, తరువాత పానాతో మితముగా బిగించి, తీగను వేడిగొట్టమునకు దూరముగా కట్టవలెను. ఇంజను ఆయిలు మండుచున్నచో, ఆ దోషమును ముందు తీర్పవలెను. లేనిచో క్రొత్తదియు చెడును.

రావణుని కొలువున హనుమంతుని చంపబోగా, దూతను చంపరాదని విభీషణుడు వారించిన కథ మీరెఱుగుదురు. చెడువార్త తెచ్చినవాడెల్ల అబద్ధీకుడు కాడు. బండియందైనను, ఊరి తగవునందైనను, వార్త తెచ్చినవానిని శిక్షించుటకు ముందు వార్త నిజమా యని విచారింతము. సెలవు.