తన్ఖా, వీసా తర్వాత అడగాల్సిన మూడో ప్రశ్న

నర్సింగ్ చదివిన అమ్మాయి విదేశం వెళ్తోందంటే మన ఇళ్లలో రెండే ప్రశ్నలు అడుగుతారు. తన్ఖా ఎంత? వీసా ఎప్పుడు? రెండూ అడగాల్సినవే. కుసుమంచి, పాలేరు చుట్టుపక్కల ఎన్నో ఇళ్లలో తమ్ముడి చదువు, చెల్లెలి పెళ్లి ఆ జీతం మీదే ఆధారపడి ఉంటాయి. మూడో ప్రశ్న మాత్రం ఎవరికీ తట్టదు. చేరిన మొదటి ఏడాది వార్డులో ఆమె పక్కన ఉండి పని నేర్పేది ఎవరు? ఐదేళ్లు గడిచేసరికి ఆమె ఏ స్థాయిలో ఉంటుందన్నది చాలావరకు ఈ ప్రశ్నతోనే ముడిపడి ఉంది.

బ్రిటన్ సంగతి చూద్దాం. అక్కడి నియమాలు అందరికీ తెలిసేలా రాసిపెట్టి ఉన్నాయి. మన దగ్గర చదివిన నర్సు ముందు ఐఈఎల్‌టీఎస్ గానీ ఓఈటీ గానీ రాయాలి. తర్వాత కంప్యూటర్ పరీక్ష ఉంటుంది. అక్కడికి చేరాక ‘ఆస్కీ’ అనే ప్రాక్టికల్ పరీక్షలో 10 స్టేషన్లు దాటాలి. అది పాసై ఎన్‌ఎంసీ అనే నర్సింగ్ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు చేరేదాకా ఆమె అక్కడి లెక్కలో నర్సు కాదు, సహాయకురాలే. పేరు చేరాక ప్రభుత్వ ఆసుపత్రిలో సాధారణంగా బ్యాండ్ 5 ఇస్తారు. హైదరాబాదు ఐసీయూలో ఎనిమిదేళ్లు చేసిన ఆమెకూ అంతే, అక్కడే నిన్న చదువు ముగించిన పిల్లకూ అంతే. చాలామంది మనసు కుంగేది ఈ దశలోనే. ఇది అవమానం అనుకుని నోరు మూసుకుని పనిచేసుకుపోయేవాళ్లు అదే బ్యాండ్‌లో ఏళ్లకేళ్లు ఉండిపోతారు.

ఈ తొలి రోజుల కోసమే ప్రిసెప్టర్ అనే ఏర్పాటు ఉంది. ప్రిసెప్టర్ అంటే అదే వార్డులో పనిచేసే అనుభవం ఉన్న నర్సు. కొత్తగా వచ్చిన ఆమెతో ఎప్పటికప్పుడు కూర్చుని ఏం వచ్చింది, ఏం రాలేదు, ఎక్కడ భయం వేస్తోంది అని అడిగి నేర్పాలి. 2020లో ఎన్‌ఎంసీ దీనికి సూత్రాలు ప్రచురించింది. విదేశాల నుంచి వచ్చినవారికీ అవి వర్తిస్తాయి. అయితే అవి సిఫారసులే గానీ చట్టం కాదు. కొన్ని ఆసుపత్రులు శ్రద్ధగా అమలు చేస్తాయి, కొన్నిచోట్ల కాగితం మీదే ఉంటాయి. అందుకే ఇంటర్వ్యూలోనే అడగాలి: ప్రిసెప్టర్‌ని ఇస్తారా, ఎన్ని నెలలు, ఆమెతో కూర్చోవడానికి డ్యూటీ వేళల్లో సమయం ఉంటుందా? అలా అడిగితే ఉద్యోగం పోతుందేమోనని మనవాళ్లు జంకుతారు. నిజానికి అడిగిన పిల్ల మీద అక్కడివాళ్లకు గౌరవం పెరుగుతుంది.

ప్రిసెప్టర్ నేర్పేవాటిలో అన్నిటికన్నా కష్టమైనది ఇంజెక్షనో మిషనో కాదు, మాట్లాడటం. మన ఆసుపత్రుల్లో చాలాచోట్ల డాక్టరు అడిగితేనే నర్సు చెబుతుంది. అక్కడ నర్సే ముందుగా ఫోన్ చేయాలి. ఊపిరి, ఆక్సిజన్, బీపీ, నాడి, స్పృహ, జ్వరం చూసి ఒక్కోదానికి మార్కులు వేస్తారు. ఈ పద్ధతి పేరు న్యూస్-2. రోగి నిమిషానికి 26 సార్లు ఊపిరి తీస్తుంటే 3, ఆక్సిజన్ పెట్టకుండా 92 శాతం ఉంటే 2, నాడి 115 ఉంటే 2, మొత్తం 7. బీపీ, జ్వరం బాగానే ఉన్నా, రోగి చక్కగా మాట్లాడుతున్నా, 7 వచ్చిందంటే అత్యవసరమే. రాత్రి రెండు గంటలైనా డాక్టరును లేపాలి. ఫోన్‌లో చెప్పడానికీ ఒక వరుస ఉంది: ఇప్పుడు పరిస్థితి ఏమిటి, రోగి పూర్వ వివరాలు ఏమిటి, నేను గమనించింది ఏమిటి, ఇప్పుడు ఏం చేయాలని నేను అనుకుంటున్నాను. మన పిల్లలు ఆగిపోయేది ఈ నాలుగో మాట దగ్గరే. ‘మీరు వెంటనే వచ్చి చూడాలి’ అని డాక్టరుతో అనడం పెద్దల ముందు మర్యాద తప్పడంలా అనిపిస్తుంది. అక్కడ మాత్రం ఆ మాట అనకపోవడమే తప్పు. దాని మీద విచారణ కూడా జరగవచ్చు. ఈ మాట పుస్తకం చదివితే రాదు. పక్కన ఒకరు నిలబడి ‘చెయ్యి ఫోన్, నేనున్నా’ అంటేనే వస్తుంది.

ప్రిసెప్టర్ కొన్ని నెలలే తోడుంటారు. ఆ తర్వాత కావాల్సింది మెంటర్. ఆమె అదే వార్డులో ఉండాల్సిన పనిలేదు, మన పై అధికారి కాకపోతే ఇంకా మంచిది. ఏ కోర్సు చేయాలి, బ్యాండ్ 6కి ఎప్పుడు దరఖాస్తు పెట్టాలి అన్నవి ఆమెతో మాట్లాడుకోవాలి. అక్కడ మూడేళ్లకోసారి రిజిస్ట్రేషన్ నిలబెట్టుకోవడానికి 450 గంటల పని, 35 గంటల చదువు, ఐదుసార్లు ఇతరుల అభిప్రాయం, తన పని గురించి తాను రాసుకున్న ఐదు వ్యాసాలు చూపించాలి. చేరిన రోజు నుంచే ఒక నోటుబుక్కులో రాసుకుంటూ పోతే ఇది పెద్ద బరువు కాదు.

జర్మనీలో భాషే అసలు గోడ. అక్కడ నర్సుగా గుర్తింపు పొందాలంటే సాధారణంగా బీ-2 స్థాయి జర్మన్ అడుగుతారు. మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు ఆ భాషలో శిక్షణ ఇప్పిస్తోంది.

ఇక మనవాళ్లు ఎక్కువగా చూసేది గల్ఫ్ వైపే. సౌదీ, కువైట్ వంటి 18 దేశాలకు నర్సులను ప్రభుత్వ ఏజెన్సీల ద్వారా, ఈ-మైగ్రేట్ పద్ధతిలో పంపాలని కేంద్రం 2015లో నిర్ణయించింది. తెలంగాణలో ఆ ఏజెన్సీ కూడా టామ్‌కామే. రిజిస్టర్ అయిన ఏజెంటు ఎవరైనా తీసుకోగలిగిన సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. లక్షల్లో అడిగితే అక్కడే లేచి వచ్చేయాలి. గల్ఫ్ ఆసుపత్రుల్లో కొత్తవారికి నేర్పే ఏర్పాటు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. అందుకే ఆ ఆసుపత్రిలో ఇప్పటికే పనిచేస్తున్న మన ప్రాంతపు అక్కయ్య నంబరు ఏజెంటు మాట కన్నా ఎక్కువ పనికొస్తుంది. అక్కడ ఉన్నవాళ్లు కూడా నెలకు ఒక అరగంట ఫోన్ ఎత్తితే చాలు.

ఆ అక్కయ్య మొదట చెప్పేది బహుశా పేరు గురించే. పదో తరగతి మెమోలో ‘ఎస్‌కే.’ అని, పాస్‌పోర్టులో ‘షేక్’ అని, నర్సింగ్ సర్టిఫికెట్‌లో పేరు చివర బేగం చేరి ఉంటే, గల్ఫ్ కోసం కాగితాలు సరిచూసే డేటాఫ్లో దగ్గర ఫైలు ఆగిపోవచ్చు. పాస్‌పోర్టుకు దరఖాస్తు చేయకముందే ఈ కాగితాలన్నీ ఒకచోట పెట్టి, పేరు అక్షరం అక్షరం పోల్చి చూసుకోండి.