బుధవారం బాకీ

దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. కూలీ జీతంలో కొంత పట్టుకునే అలవాటు మాత్రం పోలేదు. మొజాంబిక్ మాజీ వలస కార్మికులు ముప్ఫై ఏళ్లకు పైగా వీధిలో నిలబడి అడిగిన లెక్క ఇది.

మపుటో నగరంలో బుధవారం ఊరేగింపు అంటే ఎవరిదని అడగక్కర్లేదు. జుట్టు నెరిసిన మగవాళ్లు, వాళ్ల మధ్య అక్కడొకరు ఇక్కడొకరు ఆడవాళ్లు. ఈలలు, డప్పులు, పాటలు. దూరం నుంచి చూస్తే పెళ్లివారేమో అనిపిస్తారు. ముందు నడిచేవాడి చేతిలో జెండా ఉంటుంది. నలుపు, ఎరుపు, పసుపు పట్టీలు. నడుమ ఒక సుత్తి, లెక్కల పెట్టెలో ఉండే కంపాసు, వాటి చుట్టూ రై ధాన్యపు కంకుల దండ. అది తూర్పు జర్మనీ జెండా. ఆ దేశం 1990 అక్టోబరు 3న పశ్చిమ జర్మనీలో కలిసిపోయి, పటంలో లేకుండా పోయింది. లేని దేశపు జెండా పట్టుకుని, ఉన్న దేశపు ప్రభుత్వాన్ని జీతం బాకీ అడగడం ఇంకెక్కడైనా ఉందో లేదో.

వీళ్లని మాజెర్మానెస్ అంటారు. 'మేడిన్ జర్మనీ' అన్న ముద్ర జనం నోట్లో నలిగి అలా అయిందని కొందరు చెబుతారు. అదేం కాదు, దక్షిణ మొజాంబిక్‌లో మాట్లాడే షాంగానాలో 'మా' అనేది మన 'లు' లాంటి బహువచనం, కాకపోతే మాటకి వెనక కాకుండా ముందు తగులుతుంది, కాబట్టి ఆ పేరుకి 'జర్మన్లు' అనే అర్థమని ఇంకొందరు. ఎలా పుట్టినా పేరులో వెక్కిరింత ఉంది. వీళ్లు దాన్నే పతాకంలా ఎత్తుకున్నారు. ఊరి నడుమ వీళ్లు చేరే పార్కుకి కూడా ఆ పేరే పడిపోయింది.

అడుగుతున్నది దానం కాదు. పాతికేళ్లు నిండని వయసులో పరాయి దేశపు ఫ్యాక్టరీల్లో, గనుల్లో, కబేళాల్లో పనిచేస్తే, నెలనెలా జీతంలో కొంత పట్టుకుని, 'ఇంటికెళ్లాక మీ డబ్బు మీకిస్తాం' అన్నారు. ఆ డబ్బు అడుగుతున్నారు.

'ఇంటికెళ్లాక ఇస్తాం' అన్న మాట మొజాంబిక్‌కి కొత్తది కాదు. వీళ్ల తాతలు కూడా విన్నదే. అసలు కథ అక్కడ మొదలుపెట్టాలి.

పోర్చుగీసు పాలనలో ఊళ్లోనే ఉన్నవాడికి షిబాలో తప్పేది కాదు. షిబాలో అంటే వెట్టి. పాలనాధికారి మనుషులు వచ్చి పట్టుకెళితే రోడ్డుకో, తోటకో ఆర్నెల్లు పోయినట్టే. దాన్నుంచి తప్పించుకునే దారి ఒకటే: జోని. జొహానెస్‌బర్గ్‌ని అక్కడ అలా ముద్దుగా పిలుస్తారు. దక్షిణాఫ్రికా బంగారు గనుల యజమానులంతా కలిసి కూలీల్ని చేర్చుకోడానికి పెట్టుకున్న సంస్థ పేరు జనం నోట్లో వెనేలా. దాని మనుషులు ఊరూరా తిరిగి కుర్రాళ్లని పోగేసి, సరిహద్దులోని రెసానో గార్సియా స్టేషన్ దగ్గర రైలెక్కించేవాళ్లు. 22వ అక్షాంశానికి దక్షిణాన ఉన్నవాళ్లనే తీసుకునేవారు. పై ప్రాంతాల వాళ్లు గనుల్లో న్యుమోనియాతో మరీ ఎక్కువగా చచ్చిపోతున్నారని 1913లో వాళ్లని చేర్చుకోవడం ఆపేశారు. కూలీల్ని అనుమతించినందుకు ప్రతిగా, గనులున్న ట్రాన్స్‌వాల్ సరుకులో ఇంత వాటా మొజాంబిక్ రేవు నుంచే పోవాలని పోర్చుగల్ ఒప్పందం రాయించుకుంది. మనుషులకి బదులు సరుకు. కాగితం మీద అది అంతర్జాతీయ ఒడంబడిక.

1928 ఒడంబడికతో అసలు కీలకం కుదిరింది. గని కూలీ జీతంలో కొంత అక్కడ చేతికివ్వరు, పట్టి ఉంచుతారు, ఇంటికి తిరిగొచ్చాక ఇస్తారు. 1964 ఒప్పందం నాటికి అది ఎంతకి పెరిగిందంటే, మొదటి ఆర్నెల్లు దాటాక జీతంలో 60 శాతం. కూలీకి ఊళ్లో ఇచ్చేది పోర్చుగీసు ఎస్కుడోలు. దక్షిణాఫ్రికా మాత్రం ఆ మొత్తాన్ని పోర్చుగల్‌కి బంగారంగా, అదీ అధికారిక ధరకి చెల్లించేది. 1974 చివరికి బజారులో ఔన్సు బంగారం 180 డాలర్లు దాటింది. అధికారిక ధర 42 డాలర్ల చిల్లర. ఆ తేడా అంతా లిస్బన్ ఖజానాకి. భూమి అడుగున రాయి కొట్టి బంగారం తీసినవాడి జీతమే బంగారమై, వాడి పాలకుడి పెట్టెలో పడింది. వాడికి ఎస్కుడోలు, ఒక దుప్పటి, సైకిలు, పెళ్లికి కన్యాశుల్కం పోసేంత మిగులు. అలా తిరిగొచ్చినవాణ్ణి మగైసా అంటారు. దక్షిణాఫ్రికా గాయకుడు హ్యూ మసెకేలా పాడిన 'స్టిమేలా' పాట ఈ కూలీల్ని తీసుకెళ్లిన బొగ్గు రైలు మీదే.

స్వాతంత్ర్యం కోసం పోరాడిన సంస్థ ఫ్రెలిమో 1962 జూన్ 25న దారెస్సలాంలో పుట్టింది. మొదటి అధ్యక్షుడు ఎడువార్డో మోండ్లానే 1969 ఫిబ్రవరి 3న, పుస్తకంలా చుట్టి పంపిన పార్శిల్ బాంబు పేలి పోయాడు. తర్వాత పగ్గాలు పట్టిన సమోరా మషెల్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసిన మనిషి. పుట్టింది గాజా రాష్ట్రంలో. పాలస్తీనా గాజా కాదు, మొజాంబిక్ గాజా. గనులకి మగవాళ్లని తరతరాలుగా పంపిన నేల అది. పదేళ్ల సాయుధ పోరాటం, లిస్బన్‌లో 1974 ఏప్రిల్ 25 సైనిక తిరుగుబాటు, చివరికి 1975 జూన్ 25న స్వాతంత్ర్యం. గని వలస వలసపాలకుల మచ్చ అని, దాన్ని మాన్పుతామని ఫ్రెలిమో చెప్పింది. మనసులో మాటే చెప్పింది, అనుమానం లేదు.

కానీ ఖజానా ఖాళీ. పోర్చుగీసు వాళ్లు పెట్టెబేడా సర్దుకుని వెళ్లిపోయారు. జనాభాలో పదిమందికి తొమ్మిదిమందికి పైగా అక్షరం రాదు. చేతికి విదేశీ డబ్బు వచ్చే దారి ఒకటుంది, అది గని కూలీల పట్టు జీతం. దాంతో కొత్త ప్రభుత్వం ఆ ఏర్పాటుని కదపలేదు. బంగారం ధరలో తేడా 1978 దాకా లిస్బన్‌కి బదులు మపుటోకి చేరింది. ఇది ద్రోహమని తేలిగ్గా అనేయొచ్చు. నేనైతే అనలేను. ఆ ఏడు ఆ కుర్చీలో కూర్చున్నవాడికి ఇంకో దారి చూపించడం కష్టం. అయినా ఒక సంగతి మరుగున పడకూడదు: మనిషి జీతం అతని చేతికి కాక ముందు ప్రభుత్వం చేతికి పోవడమనే పద్ధతి, పాలకులు మారినా, అలాగే ఇంట్లో ఉండిపోయింది.

ఈ వలసని లోతుగా తవ్వినవారిలో ముఖ్యురాలు రూత్ ఫస్ట్. దక్షిణాఫ్రికా తెల్లజాతి ప్రభుత్వం తరిమేసిన పాత్రికేయురాలు, మపుటో విశ్వవిద్యాలయంలో పరిశోధకురాలు. గని కూలీల బతుకు మీద 1977లో ఆమె నడిపిన పరిశోధన 'బ్లాక్ గోల్డ్' పేరుతో పుస్తకమై 1983లో వచ్చింది. చూసుకోడానికి ఆమె లేదు. 1982 ఆగస్టు 17న విశ్వవిద్యాలయంలో తన గదిలో ఉత్తరం విప్పింది. అందులో బాంబు.

దక్షిణాఫ్రికా ఈలోగా తన వైపు నుంచి కుళాయి బిగించింది. 1975లో లక్షా 18 వేల దాకా ఉన్న మొజాంబిక్ గని కూలీలు రెండేళ్లు తిరిగేసరికి సుమారు మూడో వంతుకి పడిపోయారు. దానికి తోడు రెనామో అనే సాయుధ ముఠా. మొదట రొడీషియా, తర్వాత దక్షిణాఫ్రికా పెంచి పోషించాయి. పల్లెల్లో బడులు, ఆసుపత్రులు తగలబెట్టారు. పని లేని కుర్రాళ్లు పట్నాల్లో పోగయ్యారు.

అప్పుడొచ్చింది తూర్పు జర్మనీ మాట. 1979 ఫిబ్రవరి 24న తూర్పు జర్మనీ అధినేత ఎరిక్ హోనెకర్ మపుటో వచ్చినప్పుడు సంతకాలయ్యాయి. అక్కడ ఫ్యాక్టరీలకి చేతులు చాలడం లేదు. ఇక్కడ చేతులున్నాయి, పని లేదు. నాలుగేళ్లు పనిచేసి, పని నేర్చుకుని, తిరిగొచ్చి దేశాన్ని కట్టాలన్నది మాట. మొత్తం మీద ఇరవై వేలకి అటూ ఇటూగా వెళ్లారు. 1982లో మరో తొమ్మిదివందల మంది పిల్లల్ని స్టాస్‌ఫుర్ట్‌లో 'స్నేహ పాఠశాల' అని పెట్టి చదివించడానికి తీసుకెళ్లారు.

దేశం కట్టడం సంగతి అటుంచితే, చాలామందికి దొరికింది ఎవరూ చేయనని వదిలేసిన పని. నూలు మిల్లులో రాత్రి షిఫ్టు. కబేళాలో మాంసం మోత. లుసేషియాలో గోధుమరంగు బొగ్గు. తాత జోనిలో బంగారు గని దిగితే, మనవడు హోయర్స్‌వెర్డాలో బొగ్గు తవ్వకానికి దిగాడు. హాస్టల్లో మనిషికి లెక్కగట్టిన చోటు ఐదు చదరపు మీటర్లు. మంచం, బీరువాలో తన అర, మిగతాది నడిచే దారి. వచ్చేపోయేవాళ్ల పేర్లు గేటు దగ్గర రాసుకునేవారు. ఆడపిల్ల గర్భవతి అయితే కడుపు తీయించుకోవాలి, లేదా విమానమెక్కి ఇంటికి పోవాలి.

ఇంత చెప్పాక, వాళ్లే ఆ రోజుల్ని తలుచుకునే తీరు విని తెల్లబోతాం. మంచు మొదటిసారి చూడటం, జీతం లెక్కపెట్టుకోవడం, శనివారం డిస్కో, జర్మన్ అమ్మాయితో స్నేహం. యుద్ధం లేని ఊళ్లో భయం లేకుండా నిద్ర. ఆ జెండా ఇంకా మోస్తున్నది కోపంతోనే కాదు. తమ వయసు అక్కడ ఉండిపోయింది.

ఇక జీతం. చేతికొచ్చే మొత్తంలో 350 మార్కులు దాటినదాని మీద మొదట్లో 25 శాతం పట్టుకునేవాళ్లు. తర్వాత దాన్ని 60 చేశారు. అంకె చూశారా, గనుల ఒప్పందంలో ఉన్నదే. నెలకి 850 మార్కులు వచ్చేవాడనుకుందాం. 350 తీస్తే 500. అందులో 60 శాతం, 300 మార్కులు నెలనెలా మాయం. కుర్రాళ్లు బాధపడలేదు. మపుటో బ్యాంకులో తమ పేరున కూడుతోందనుకున్నారు. ఇల్లు కట్టుకోవచ్చని లెక్కలు వేసుకున్నారు.

మార్కులు మొజాంబిక్‌కి వెళ్లనే లేదు. తూర్పు జర్మనీ నుంచి మొజాంబిక్ లారీలు, యంత్రాలు తెచ్చుకుంది. బొగ్గు పంపి తీర్చాలనుకుంది. మోఆటీజే గని నుంచి బొగ్గు రేవుకి చేరే రైలు దారిని రెనామో పేల్చేస్తుంటే ఎక్కడి బొగ్గు? బాకీ పెరిగింది. కార్మికుల జీతంలో పట్టుకున్నదాన్ని రెండు ప్రభుత్వాలూ ఆ బాకీకి జమ వేసుకున్నాయి. అంటే పద్దు పుస్తకంలో ఒక గీత. కుర్రాడికి ఇవ్వాల్సింది మొజాంబిక్ ప్రభుత్వం తన సొంత డబ్బైన మెతికాయిష్‌లలో ఇస్తుందని మాట. పోర్చుగల్ బంగారం పుచ్చుకుని ఎస్కుడోలు ఇచ్చింది. ఎంతో కొంత ఇచ్చింది కూడా. ఇక్కడ ఆ ఎంతో కొంతకీ దిక్కు లేకుండా పోయింది.

1989లో బెర్లిన్ గోడ కూలింది. ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. గడువు తీరకముందే ఇంటికి పోయేవాళ్లకి 3,000 మార్కుల పరిహారం, టికెట్ అన్నారు. అందరికీ అందలేదు. వీధులు కూడా మారిపోయాయి. 1991 మార్చి 31 తెల్లవారుజామున డ్రెస్డెన్‌లో జోర్జె గొమొందాయ్ అనే మొజాంబిక్ యువకుడి మీద ట్రామ్‌లో నియో-నాజీ కుర్రమూక పడింది. నడుస్తున్న బండి నుంచి కిందపడ్డాడు. ఏప్రిల్ 6న పోయాడు. 28 ఏళ్లు. ఆ ఊరి కబేళాలో పనిచేసినవాడు. ఇప్పుడు అక్కడ ఒక కూడలికి అతని పేరు ఉంది. అదే ఏడాది సెప్టెంబరులో హోయర్స్‌వెర్డాలో కార్మికుల హాస్టల్ మీద రోజుల తరబడి రాళ్లు, పెట్రోలు సీసాలు విసిరారు. ఇరుగుపొరుగు నిలబడి చప్పట్లు కొట్టారు. పోలీసులు దాడి చేసినవాళ్లని కాదు, లోపలున్నవాళ్లని బస్సులెక్కించి ఊరు దాటించారు.

తిరిగొచ్చినవాళ్ల వెంట చెక్క పెట్టెలు వచ్చాయి. అందులో కుట్టుమిషన్, ఫ్రిజ్, సింసన్ మోపెడ్. మోపెడ్ ఉన్నవాడు కొన్నాళ్లు ఊళ్లో రాజు. తర్వాత దానికి భాగాలు దొరక్క, తిండికి గడవక అమ్ముకున్నాడు. 1992 అక్టోబరు 4న రోమ్‌లో శాంతి ఒప్పందం కుదిరేదాకా యుద్ధం ఆగలేదు. చాలామందికి సొంతూరికి పోయే దారే లేదు, మపుటోలోనే ఆగిపోయారు. నేర్చుకున్న పనికి తగ్గ ఫ్యాక్టరీ లేదు. బ్యాంకుకి వెళ్లి అడిగితే వాళ్ల పేరున ఖాతా లేదన్నారు. అక్కడ జర్మనీలో కొందరికి పిల్లలున్నారు, ఇప్పుడు వాళ్లకే పిల్లలున్నారు. తండ్రి ఎవరో, బతికున్నాడో లేడో వెతుక్కుంటూ మపుటో వచ్చినవాళ్లూ ఉన్నారు.

2004 జులైలో వీళ్లు మపుటోలోని జర్మన్ రాయబార కార్యాలయంలోకి చొరబడి కూర్చున్నారు. బెర్లిన్ జవాబు అప్పుడూ ఆ తర్వాతా ఒకటే: ఇవ్వాల్సింది మొజాంబిక్ ప్రభుత్వానికి ఇచ్చేశాం, మీ గొడవ మీ ఇంటిది. మపుటో కొంతమందికి కొంత ఇచ్చి, లెక్క ముగిసిందంది. చట్టం ప్రకారం రెండు జవాబులూ బహుశా సరైనవే కావచ్చు. బాకీ తీర్చినవాడూ, తీర్పించుకున్నవాడూ ఇద్దరూ సంతకాలు పెట్టుకున్నారు. మధ్యలో సొమ్ము ఎవరిదో వాళ్ల సంతకం ఎవరూ అడగలేదు.

తూర్పు జర్మనీలో పనిచేసిన ప్రతి మనిషికీ ఆకుపచ్చ అట్ట వేసిన చిన్న పుస్తకం ఒకటి ఇచ్చేవారు, ఉద్యోగం, బీమా వివరాలు రాసి ఉంచుకోడానికి. ఏ ఫ్యాక్టరీలో, ఏ ఏడు, జీతమెంత, అంతా ముద్రలతో సహా అందులో ఉంటుంది. చెదలకీ, వానలకీ, యుద్ధానికీ దక్కించుకున్నవాళ్లు దాన్ని ప్లాస్టిక్ సంచీలో చుట్టి దాచుకున్నారు. దానిలో రాసిన పుట్టిన తేదీల ప్రకారం, మొదటి విమానంలో వెళ్లినవాళ్లు ఇప్పుడు పింఛను వయసులో ఉన్నారు.