నెట్ పోయినా మెయిల్ పోదు

గగన్‌పహాడ్ పారిశ్రామికవాడ నుంచి శంషాబాద్ విమానాశ్రయం కార్గో టెర్మినల్ పెద్ద దూరమేమీ కాదు. ఆ కాస్త దూరానికే మా పక్క యూనిట్‌లో బిల్లులు చూసే కుర్రాడికి ఒకరోజు చెమటలు పట్టాయి. సరుకు వెంట వెళ్తే కౌంటర్‌లో ఇన్‌వాయిస్ అడిగారు. ల్యాప్‌టాప్ తెరిచాడు. ఫోన్లో డేటా అయిపోయింది. నాకు ఫోన్ చేసి, "అన్నా, మెయిల్ల ఉంది గానీ నెట్ వస్తలేదు" అన్నాడు. ఆ ఇన్‌వాయిస్ పొద్దున తను తెరిచి చూసినదే!

అపోహ: నెట్ లేకపోతే మెయిల్ లేనట్టే.

వాస్తవం: జీమెయిల్‌లో ఆఫ్‌లైన్ సదుపాయం ఎప్పటినుంచో ఉంది. కాకపోతే అది మూలన దాక్కుంది. పైన కుడివైపు పళ్లచక్రం గుర్తు నొక్కాలి, అన్ని సెట్టింగ్‌లూ చూపించమనాలి, అక్కడున్న బోలెడు ట్యాబుల్లో 'ఆఫ్‌లైన్' అన్నదాన్ని వెతికి పట్టుకోవాలి. సగంమంది అక్కడిదాకా వెళ్లరు, అది వాళ్ల తప్పూ కాదు. ఒక్కసారి వెళ్లినప్పుడు ఆ పేజీని బుక్‌మార్క్ చేసుకుంటే మళ్లీ వెతుకులాట ఉండదు. క్రోమ్ బ్రౌజర్ వాడండి. ఇన్‌కాగ్నిటోలో ఇది పనిచేయదు. అన్నిటికన్నా ముఖ్యం, నెట్ ఉన్నప్పుడే ఆన్ చేసి మెయిళ్లు దిగేదాకా ఆగాలి. వాన మొదలయ్యాక గొడుగు కొనడానికి బయల్దేరితే తడవక తప్పదు.

అపోహ: ఒకసారి ఆన్ చేస్తే పాతవన్నీ కంప్యూటర్‌లోకి వచ్చేస్తాయి.

వాస్తవం: రావు. 7, 30, 90 రోజుల్లో ఒకటి ఎంచుకోవాలి. అటాచ్‌మెంట్లకు విడిగా ఒక గడి ఉంది, అందులో టిక్ పెట్టాలి. మనవాడి విషయంలో అసలు కావలసింది ఆ టిక్కే. ఫోన్లోని జీమెయిల్ యాప్ లెక్క వేరు. ఎన్ని రోజుల మెయిళ్లు ఉంచుకోవాలో ఆండ్రాయిడ్‌లో ఖాతా సెట్టింగుల్లో విడిగా చెప్పాలి.

అపోహ: నెట్ లేనప్పుడు 'సెండ్' నొక్కితే మెయిల్ గాల్లో కలిసిపోతుంది.

వాస్తవం: ఔట్‌బాక్స్‌లో కూర్చుంటుంది. నెట్ తగలగానే బయల్దేరుతుంది. దీనికి తిరగేసిన పొరపాటు ఇంకా ప్రమాదం: నొక్కేశాం కాబట్టి వెళ్లిపోయిందనుకుని ల్యాప్‌టాప్ మూసి సంచిలో పెట్టేయడం. మూసిన పెట్టెలోంచి ఏదీ వెళ్లదు.

అపోహ: ఇదంతా స్మార్ట్‌ఫోన్ల కాలపు వింత.

వాస్తవం: ఇక్కడ కాసేపు ఆగాలనిపిస్తుంది. 1978లో షికాగోలో వార్డ్ క్రిస్టెన్సన్, రాండీ స్యూస్ ఫోన్ లైను మీద కలిసే మొదటి కంప్యూటర్ బులెటిన్ బోర్డు నడిపారు, అందరూ ఉత్తరాలు రాసి చదువుకునే చోటన్నమాట. చాలా బోర్డులకు ఫోన్ లైను ఒక్కటే. ఒకరు చదువుతుంటే మిగతావాళ్లకు బిజీ టోన్. దూరపు ఊరి బోర్డయితే మీటరు తిరుగుతూనే ఉంటుంది. 1987లో మార్క్ హెరింగ్ క్యూడబ్ల్యూకే అనే పద్ధతి పెట్టాడు: ఉత్తరాలన్నీ ఒక మూటగట్టి దించుకో, ఫోన్ పెట్టెయ్, తీరిగ్గా చదువు, జవాబులు ఇంకో మూటగట్టి మళ్లీ ఫోన్ చేసినప్పుడు పంపు. సెకనుకు 2400 బిట్ల మోడెంతో లక్ష అక్షరాల మూట దిగడానికి దాదాపు 7 నిమిషాలు. లైను పట్టుకుని చదివితే అంతకన్నా ఎంతో ఎక్కువసేపు పట్టేది. ఏ చర్చాగదుల ఉత్తరాలు మూటలోకి రావాలో ముందే చెప్పుకోవాలి. ఆ మెనూలూ అప్పట్లో లోలోపలే ఉండేవి. అంటే సెట్టింగుల దాగుడుమూతలు పాత అలవాటే.

మాకు ఆఫ్‌లైన్ మెయిల్ విలువ తెలిసింది మాత్రం 2020 అక్టోబరు వరదలో. అప్పచెరువు కట్ట తెగి బెంగళూరు హైవే గగన్‌పహాడ్ దగ్గర కోతకు గురైంది. మనుషులు పోయిన ఆ రోజుల గురించి చెబుతూ మెయిల్ ఊసెత్తడం ఇబ్బందిగానే ఉంటుంది. కానీ మా యూనిట్‌లో కరెంటూ నెట్టూ లేనప్పుడు బ్యాటరీ మీద ఉన్న పాత ల్యాప్‌టాప్‌లోనే ఆర్డర్ల మెయిళ్లు దొరికాయి.

అపోహ: ఆఫ్‌లైన్‌ను ఏ కంప్యూటర్‌లోనైనా ఆన్ చేసేయొచ్చు.

వాస్తవం: మెయిళ్లు ఆ కంప్యూటర్‌లోనే ఉంటాయి. లాగౌట్ అయ్యాక ఉంచాలా, తుడిచెయ్యాలా అని ఆ పేజీలోనే అడుగుతుంది. నెట్ సెంటర్‌లో అయితే అసలు ఆన్ చేయకండి. మన కుర్రాడు 30 రోజులు పెట్టుకుని, 'తుడిచెయ్' మీద చుక్క పెట్టాడు. ఆ ల్యాప్‌టాప్ ముగ్గురు వాడతారు మరి.